యంత్రానికి ఊ కొట్టిన మనిషి

ఆసుపత్రిలో ఆమెను చేతులమ్మ అంటారు. మంచాలు తోసే మనిషి ఒకడు వెటకారంగా పెట్టిన పేరు అది. వార్డు వార్డూ తిరిగి తిరిగి చివరికి గౌరవంగా మారిపోయింది. హాజరు పట్టీలో తప్ప అసలు పేరు ఇప్పుడు ఎక్కడా వాడుకలో లేదు. వినపడని రోగులు చేతులతో చెప్పేది నోటితో డాక్టర్లకి చెప్పడం, డాక్టర్లు నోటితో అడిగేది చేతులతో రోగులకి అందించడం ఆమె ఉద్యోగం. నలభై ఆరేళ్లు. పొట్టి మనిషి. కోపిష్టి. ఈ చివరిదాన్నే అందరూ ముందు చెబుతారు.

ఆ కోపం నిన్నా మొన్నా పుట్టింది కాదు. తల్లికి పుట్టు చెవుడు. అట్టపెట్టెలు మడిచే కర్మాగారంలో పని. ఐదేళ్లు నిండేసరికే కూతురు తల్లికి నోరైపోయింది. దుకాణంలో, బడిలో, అద్దె ఇంటివాళ్ల దగ్గర, చివరికి డాక్టరు దగ్గర కూడా. తల్లి గర్భసంచి గురించి డాక్టరు అడిగిన ప్రశ్నలను, అవేమిటో తనకే తెలియని వయసులో, తల్లి చేతికి అందించింది. ఆ ప్రశ్నల కంటే ఆమెకు బాగా గుర్తున్నది వాళ్లు వంగడం. తల్లి మూరెడు దూరంలో నిలబడి ఉండగా, ఆమె వంక చూడకుండా పిల్ల మీదికి వంగి, "మీ అమ్మకి చెప్పు" అనేవాళ్లు. ప్రతిసారీ అంతే. అక్కడ మనిషి నిలబడి ఉన్నట్టే కనపడేది కాదు వాళ్లకి.

కథ చెప్పేచోట వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగిపోతే అవతలివాడు నిద్రపోయాడని చెప్పేవాడు కథ ఆపేస్తాడు. చేతులమ్మ పెరిగిన ఇంట్లో మాత్రం ఊ లేదు. కళ్లే ఊ. తల్లి ఏదైనా చెబుతున్నప్పుడు పిల్ల చూపు పక్కకి పోతే గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకునేది. చూస్తున్నావంటే వింటున్నావని. రెప్ప కాస్త ఎక్కువసేపు వాలిస్తే ఒప్పుకున్నట్టు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి ఏడు నెలలపాటు రోజంతా ఊ కొట్టాల్సి వచ్చింది, అదీ ఒక యంత్రానికి. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి.

చేతులమ్మ గది పాత భవనంలో రెండో అంతస్తు చివర, దుప్పట్లు ఉతికేచోటికి సరిగ్గా పైన. నేలలోంచి వేడి సబ్బు వాసన వస్తుంటుంది. ఒక బల్ల, ఒక తెర, దాని మీద చిన్న కెమెరా, చేతులు స్పష్టంగా కనపడటానికి వెనకాల కట్టిన నీలం గుడ్డ. అంతే. రోగులుండేది అవతలి కొత్త భవనం మూడో అంతస్తులో, అత్యవసర వార్డులో. అక్కడ చక్రాల స్టాండు ఒకటి ఉంది. దానికి ఒక తెర, ఒక మంచి కెమెరా, ఒక మైకు, ఒక స్పీకరు. వినపడని రోగి వస్తే దాన్ని మంచం పక్కకి తోస్తారు. రోగికి తెరలో చేతులమ్మ కనపడుతుంది, చేతులమ్మకి కెమెరాలోంచి రోగి చేతులు కనపడతాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ స్టాండు ఆమె ఒక్కదాని సొత్తు కాదు.

ఆసుపత్రి కంప్యూటర్లన్నీ చూసే మనిషిని పెట్టెలాయన అంటారు. నలభై దగ్గర పడుతున్నవాడు, పనిమంతుడు, తన పనిని తానే కాస్త దూరం జరిగి చూసుకుని మురిసిపోయే రకం. అతనే మొదట్లో ఆమెకు విప్పి చెప్పాడు.

"కింద బీరువా అంత కంప్యూటరు ఉంది కదక్కా, దాన్ని లోపల నాలుగు చేశాను. వర్చువల్ మెషీన్లు అంటారు. పైకి ఒకటే పెట్టె, లోపల నాలుగు కంప్యూటర్లు. ఒకే ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు. ఒకళ్ల వాటాలో ఏం జరుగుతోందో ఇంకొకళ్లకి తెలీదు. ఒకటి బయటి ఆసుపత్రుల పెద్ద డాక్టర్లకి, ఒకటి మన పాఠాల డాక్టరుకి, ఒకటి కాపలావాళ్లకి, ఒకటి నీకు."

"మరి స్టాండు మీది కెమెరా ఎవరిది?"

"అక్కడే వచ్చింది తంటా. వాటాలు నాలుగు, కొళాయి ఒకటి."

వాటాల ఇళ్లలో కాపురం చేసినవాళ్లకి ఆ మాట వినగానే ఒళ్లు జలదరిస్తుంది. అయితే కొళాయి దగ్గర ఒక మర్యాద ఉంటుంది. ఎక్కడికెళ్లినా ఉంటుంది. బకెట్టు పెట్టి వెళ్తే మనిషి నిలబడినట్టే లెక్క. ఖాళీ బకెట్టయినా, చిల్లు బకెట్టయినా సరే, పెట్టినవాళ్లు వచ్చి తీసేదాకా దాన్ని జరపరు. జరిపినవాళ్లతో మూడు తరాలు మాటలుండవు. పెట్టెలాయన తన కొళాయికి ఆ మర్యాద పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణమూ ఉంది. పాఠాల డాక్టరు వైద్య విద్యార్థులకి రోగుల్ని చూపించడానికి కెమెరా తీసుకుని, పాఠం అయిపోయాక దాన్ని వదలకుండానే టీకి వెళ్లిపోయేవాడు. రెండేసి గంటలు కెమెరా ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చునేది. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. విసిగిపోయిన పెట్టెలాయన ఒక నియమం రాశాడు. కెమెరా ఏ వాటా చేతిలో ఉందో అక్కడ ఇరవై సెకన్లపాటు మాట వినపడకపోతే, అక్కడ ఎవరూ లేనట్టు. అడుగుతున్న ఇంకో వాటాకి కెమెరా ఇచ్చేయాలి.

అందరూ మెచ్చుకున్నారు. పెద్ద డాక్టరమ్మ, అంటే ఆసుపత్రి మొత్తానికి అధికారి, అతన్ని పిలిచి మరీ మెచ్చుకుంది.

చేతుల మాటకి శబ్దం ఉండదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

మొదటి రోజే తేలిపోయింది. ఒక వినపడని ఆవిడ తన కడుపునొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకిందో చెబుతోంది. చేతులమ్మ నోరు మూసుకుని, కళ్లార్పకుండా చూస్తోంది. అదే ఆమె పని. సరిగ్గా ఇరవై సెకన్లకి తెర నల్లబడింది. కెమెరా పాఠాల డాక్టరు వాటాకి పోయింది. చేతులమ్మ పెట్టెలాయన కూర్చునే కింది గదికి మెట్లు దిగలేదు, దూకింది.

"నీ యంత్రానికి బుద్ధుందా, నాయనా?"

"ఏమైందక్కా?"

"మనిషి నా ముందు మాట్లాడుతుంటే ఎవరూ లేరంటోంది!"

విని పెట్టెలాయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చిక్కుముడికి కొస దొరికిన నవ్వు. "ఓస్ అంతేనా! నువ్వేదో ఒకటి అంటూ ఉండక్కా. ఊ కొట్టు. ఇరవై సెకన్లకో ఊ. అది చాలు దానికి."

"ఊ కొట్టాలా? దానికి?"

"నీకు పోయేదేముంది? నియమం మారిస్తే మళ్లీ ఆయన టీకి వెళ్లిపోతాడు."

చూడండి న్యాయం. కెమెరా వదలకుండా పోయేది డాక్టరు, ఊ కొట్టాల్సింది ఈమె. అర్జీ రాసింది. పరిశీలిస్తామన్నారు. ఇంకోటి రాసింది. మొదటిది పరిశీలనలో ఉందన్నారు. ఈలోపు రోగులు ఆగరు కదా. ఊ కొట్టడం మొదలుపెట్టింది.

అది చిన్న సంగతిగా అనిపిస్తుంది. రోజుకి ఎనిమిది గంటలు చేసి చూస్తే తెలుస్తుంది. అవతలి మనిషి పోయిన బిడ్డ గురించి చెబుతుంటే ఊ. రక్తం ఎప్పుడు పడిందో చెబుతుంటే ఊ. ఆ ఊ స్పీకరులోంచి వార్డంతా వినపడుతుంది, ఒక్క రోగికి తప్ప. నర్సులు నవ్వుకునేవాళ్లు. "చేతులమ్మ పొద్దున్నే కూత మొదలెట్టింది" అనేవాడు మంచాలు తోసే మనిషి. ఒకసారి నోటికి విసుగొచ్చి చెంచాతో బల్ల మీద కొట్టింది. నెలరోజులు హాయిగా గడిచింది. తర్వాత పెట్టెలాయన నియమాన్ని ఇంకా పదునుపెట్టాడు. ఫ్యాను చప్పుడుకి కూడా కెమెరా ఖాళీ వాటాలోనే ఉండిపోతోందని, మనిషి గొంతు అయితేనే లెక్కలోకి వచ్చేట్టు మార్చాడు. చెంచా పోయింది. మళ్లీ ఊ.

ఒక సాయంత్రం ఇంట్లో తల్లి ఏదో చెబుతోంది. కర్మాగారంలో ఎప్పుడో పోట్లాడుకున్న సూపర్‌వైజరు కథ, వందోసారి. చెబుతూ చెబుతూ చేతులాపి, కూతురి గొంతు మీద వేళ్లు ఆనించింది.

"నీ గొంతులో పిల్లి ఉంది," అంది చేతులతో. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

అప్పుడు చూసుకుంది చేతులమ్మ. తను ఊ కొడుతోంది. వినపడని తల్లి ముందు కూర్చుని, ఇరవై సెకన్లకోసారి. సిగ్గుతో, కోపంతో చెవులు కాలిపోయాయి. సంగతంతా చెప్పింది. తల్లి శ్రద్ధగా చూసి, చాలా జాలిగా మొహం పెట్టింది.

"అయ్యో పాపం! కెమెరా ఉండి కూడా గుడ్డిదా అది?"

చేతులమ్మకి నవ్వు రావాల్సింది. రాలేదు.

ఆ తర్వాత మూడు వారాలకి చేతులమ్మకి జలుబు చేసింది. రెండో రోజుకి గొంతు పూర్తిగా పడిపోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆమెకి బదులు ఇంకొకరు లేరు, కాబట్టి వచ్చింది. డాక్టర్లకి చెప్పాల్సింది తెర మీద రాసి చూపిస్తే సరిపోతుందనుకుంది. ఊ సంగతి గుర్తుండే ఉంటుంది. పాఠాల డాక్టరు ఆ రోజు రాడన్నారని ధైర్యం చేసింది.

పదకొండు గంటలకి వార్డునుంచి పిలుపు వచ్చింది. తెర వెలిగింది. మంచం మీద డెబ్భై ఏళ్ల మనిషి. గడియారాలు బాగుచేసే ముసలాయన. కాలి మీద పుండు పాకి జ్వరం పట్టుకుంది. వెంట ఎవరూ లేరు. చదువు అంకెలతో ఆగిపోయింది. ఆయన చిన్నతనంలో ఇలాంటి పిల్లల్ని బడిలో ఎవరు చేర్చుకున్నారు గనక. పక్కన కుర్ర డాక్టరు, అతని వెనక పొడుగు నర్సు.

"ఇంజెక్షన్ ఇవ్వాలి. ఇదివరకు ఏ మందైనా పడకుండా పోయిందా? అడగండి," అన్నాడు కుర్ర డాక్టరు.

చేతులమ్మ అడిగింది. చేతులకి గొంతు అక్కర్లేదు కదా.

ముసలాయన కళ్లు మెరిశాయి. నిటారుగా కూర్చున్నాడు. జీవితమంతా చిన్న చిన్న మరలు తిప్పిన వేళ్లు. అంత పొందికైన చేతుల మాట చేతులమ్మ చాలా రోజులుగా చూడలేదు. మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల కిందట, వర్షం, దుకాణం కప్పు కారుతోంది, గోడ గడియారం దింపబోతే అద్దం పగిలి అరచేయి కోసుకుపోయింది, రక్తం, పక్క దుకాణంవాడు సైకిలు మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, ఆ డాక్టరుకి బట్టతల... బట్టతల ఎందుకయ్యా, అని కుర్ర డాక్టరైతే విసుక్కునేవాడు. చేతులమ్మ విసుక్కోలేదు. ఈ మనిషి చెప్పేదాన్ని ఆఖరిదాకా చూసినవాళ్లు ఎవరూ లేరని ఆ వేగంలోనే తెలుస్తోంది. డాక్టరు చిన్న సీసా తీశాడు, సీసాలో...

తెర నల్లబడింది.

పాఠాల డాక్టరు వచ్చాడు. ఆ రోజు రానన్న మనిషి వచ్చి, కెమెరా అడిగి పెట్టుకున్నాడు. ఇరవై సెకన్లు మాట లేదు. ఇచ్చేసింది యంత్రం.

చేతులమ్మ నోరు తెరిచి అరిచింది. గాలి. బల్ల గుద్దింది, యంత్రానికి అది లెక్కలోకి రాదు. ఫోను తీసి వార్డుకి చేసింది. పొడుగు నర్సే ఎత్తింది.

"ఎవరండీ?"

గాలి.

"హలో? ఏమీ వినపడట్లేదు. ఎవరూ లేరే." పెట్టేసింది.

పరుగెత్తింది. రెండు అంతస్తులు దిగి, ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి పెరడు దాటి, కొత్త భవనం లిఫ్టు దగ్గర ముగ్గురు నిలబడి ఉంటే మెట్లు పట్టుకుని, మూడు అంతస్తులు ఎక్కింది. చెప్పు ఒకటి ఎక్కడో ఊడింది.

ఆమె దారిలో ఉండగా వార్డులో జరిగింది పొడుగు నర్సు తర్వాత చెప్పింది. ముసలాయన ముందున్న తెరలో చేతులమ్మ పోయి, ఆసుపత్రి భవనం బొమ్మ వచ్చింది. అవతల మనిషి మళ్లీ వస్తుందనుకున్నాడేమో, ఆ బొమ్మకే ఇంకాసేపు చెప్పాడు. సీసా, మూత, నీళ్లు. తర్వాత చేతులు నెమ్మదించాయి. ఒళ్లో పెట్టుకున్నాడు. కుర్ర డాక్టరు వంగి, గట్టిగా, "అయితే ఏం లేదుగా? ఇవ్వొచ్చుగా?" అన్నాడు. ముసలాయన తల ఊపాడు. జీవితమంతా ఊపినట్టే ఊపాడు. పెదాలు కదిలించే మనుషుల ముందు తల ఊపితే వాళ్లు వదిలేసి వెళ్లిపోతారని వినపడనివాళ్లందరికీ తెలుసు. చేతులమ్మ తల్లి కూడా అలాగే ఊపేది. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడూ ఊపింది.

"సరే, ముందు పరీక్ష చుక్క వేయి," అన్నాడు డాక్టరు నర్సుతో.

సూది చర్మానికి బెత్తెడు దూరంలో ఉండగా చేతులమ్మ వచ్చి పొడుగు నర్సు మణికట్టు పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది!" అన్నాడు డాక్టరు.

ఆమె అతని వంక చూడలేదు. ఒగురుస్తూ, ముసలాయన ఎదురుగా మంచం పట్టీ మీద కూర్చుంది. "సీసా. తర్వాత?" అంది చేతులతో.

ముసలాయన ఆమెనీ, తెర మీది భవనం బొమ్మనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, పోయిన మరని దొరకబుచ్చుకున్నట్టు, ఆపినచోటి నుంచే అందుకున్నాడు. సీసాలో పొడి. నీళ్లు పోసి ఊపాడు. చేతి మీద ఒక్క చుక్క, దోమ కుట్టినంత. రెండు నిమిషాలు. గొంతు మూసుకుపోయింది, నాలుక వాచింది, కళ్లు చీకటి. మూడు రోజుల తర్వాత లేచాడు.

పొడుగు నర్సుకి చేతులమ్మ దగ్గర నేర్చుకున్న మాటలు యాభై దాకా వచ్చు. పళ్లెంలో ఉన్న సీసా వంక చూసింది. నీళ్లు పోసి తను ఇందాకే ఊపింది దాన్ని.

"డాక్టరుగారూ," అంది నెమ్మదిగా, "ఈ చుక్కకే ఆయన పోయేవాడు."

మర్నాడు పెద్ద డాక్టరమ్మ గదిలో సమావేశం. చేతులమ్మ గొంతు ఇంకా రాలేదు. పొడుగు నర్సు తోడు వచ్చింది. పాఠాల డాక్టరు వచ్చాడు. పెట్టెలాయన కాగితాలు పట్టుకొచ్చాడు.

"పదకొండు గంటల నాలుగు నిమిషాలకి అక్క వాటాలో ఇరవై సెకన్లు మాట లేదు. నియమం ప్రకారం కెమెరా పక్క వాటాకి వెళ్లింది. సిస్టంలో తప్పు లేదు మేడం," అన్నాడు. మొహం మాత్రం పాలిపోయి ఉంది.

"అవునమ్మా," అన్నాడు పాఠాల డాక్టరు, "గొంతు బాలేనప్పుడు ముందే చెప్పాల్సింది. ఏమీ జరగలేదు, సంతోషం. ఇక మీదట..."

చేతులమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడింది. చేతులెత్తి మొదలుపెట్టింది. ఐదేళ్ల వయసు నుంచి మొదలుపెట్టింది. వంగి మాట్లాడినవాళ్లు, తల ఊపిన తల్లి, ఏడు నెలల ఊ, భవనం బొమ్మకి కథ చెప్పిన ముసలాయన. గదిలో గాలి కోస్తున్నట్టు ఆడాయి చేతులు.

కాసేపు చూశారు. పెద్ద డాక్టరమ్మ మొహమాటంగా కిటికీ వంక చూసింది. పాఠాల డాక్టరు డాక్టరమ్మ వైపు జరిగి, గొంతు తగ్గించి, "మధ్యాహ్నం తనిఖీవాళ్లు ఎన్నింటికి వస్తున్నారు మేడం?" అన్నాడు. ఆమె, "రెండున్నర అన్నారు," అంది. ఇద్దరూ తనిఖీ మాటల్లో పడ్డారు.

చేతులమ్మ రెండు అరచేతులతో బల్ల మీద కొట్టింది. గ్లాసులో నీళ్లు ఒలికాయి. పొడుగు నర్సు వైపు తిరిగి, చిన్న మాట ఒకటి, మెల్లగా, అర్థమయ్యేట్టు చెప్పింది.

నర్సు పెద్ద డాక్టరమ్మ వైపు తిరిగింది. "నాకు వచ్చింది కొంచెమే మేడం. ఆమె అడుగుతోంది... 'ఇప్పుడు నేను మాట్లాడుతున్నానా, లేదా?'"

పెట్టెలాయన గోడ గడియారం వంక చూశాడు. అతనికి అలవాటు, సెకన్లు లెక్కపెట్టడం. చేతులమ్మ మొదలుపెట్టినప్పటి నుంచి వాళ్లు మొహం తిప్పుకునేదాకా ఎంత పట్టిందో అతనికి తెలుసు. ఇరవై కూడా పట్టలేదు.

"మేడం," అన్నాడు, "నేను రాసింది తప్పు. మాట లేకపోతే మనిషి లేడని రాశాను."

"మరి నా పాఠం?" అన్నాడు పాఠాల డాక్టరు.

"మీరు టీకి వెళ్లేటప్పుడు కెమెరా వదిలి వెళ్లండి సార్," అన్నాడు పెట్టెలాయన. అంత గట్టిగా అతను మాట్లాడటం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

చేతులమ్మ కాగితం లాక్కుని రాసింది. "నాకు బకెట్టు కావాలి. నేను తీసేదాకా ఎవరూ జరపకూడదు." పెద్ద డాక్టరమ్మకి బోధపడలేదు. పెట్టెలాయనకి బోధపడింది. ఆ సాయంత్రమే నాలుగు వాటాలకీ ఒక మీట పెట్టాడు. నొక్కినవాళ్లు వదిలేదాకా కెమెరా, మైకు, స్పీకరు, తెర వాళ్లవే. ఇంకొకళ్లకి కావాలంటే తెర మీద అడగొచ్చు, లాక్కోవడానికి లేదు. క్షమించమని అడగడానికి వచ్చాడు కూడా. చేతులమ్మ అతన్ని కూర్చోమని అనలేదు. టీ ఇవ్వలేదు. పని మాత్రం పరీక్షించి చూసుకుంది, రెండుసార్లు.

ఐదో రోజు వార్డునుంచి పిలుపు. ముసలాయన ఇంటికి వెళ్లిపోతున్నాడు. కాలు తగ్గింది, మందు వేరేది ఇచ్చారు. వెళ్లేముందు స్టాండు తెప్పించుకున్నాడు. నర్సు ఎంత సైగ చేసినా వినలేదు.

"అంతా చెప్పేశావుగా తాతా?" అంది చేతులమ్మ తెరలోంచి.

"ఈ అద్దంలో మధ్యలో ఆగింది. ఈ అద్దంలోనే పూర్తి చేస్తా," అన్నాడు తెర వైపు వేలు చూపించి. "మొదటి నుంచి."

చేతులమ్మ మీట నొక్కింది.

వర్షం, కారే కప్పు, అద్దం, రక్తం, సైకిలు, బట్టతల. ఈసారి బట్టతల మీద ఈగ కూడా వాలింది. తెర మూలన పాఠాల డాక్టరు కెమెరా అడుగుతున్నాడని గుర్తు వెలిగింది. వెలుగుతూనే ఉంది. ముసలాయన తొమ్మిది నిమిషాలు చెప్పాడు. గదిలో కింది ఉతుకుల హోరు తప్ప శబ్దం లేదు. ఆయన చేతుల మీదినుంచి చేతులమ్మ కళ్లు కదల్లేదు.

ఎనిమిదో నిమిషంలో, సీసా ఊపేచోట, ఆమెకి ఆ రోజే తిరిగొచ్చిన గొంతులో ఊ తనంతట తనే లేచింది. పళ్లు బిగించి మింగేసింది.